గ్రీన్‌హౌస్ వేసేముందు ఓసారి పైకి చూడండి

రీల్స్‌లో పాలీహౌస్ భలే ఉంటుంది. తెల్లటి గుడారం, లోపల ఎరుపూ పసుపూ క్యాప్సికమ్‌లు, కింద ‘లక్షల్లో ఆదాయం’ అని ఓ లైను. అప్పనపల్లిలో ఉండే మా బాబాయి ఫోన్‌కి ఇవి రోజూ వస్తున్నాయి. ఆయనకున్నది అర ఎకరం కొబ్బరితోట, ముప్పై చెట్లు. తెల్లదోమ పట్టాక కాపు తగ్గింది. “చెట్లు కొట్టించేసి ఆ గుడారం వేసేద్దామా? లోను ఇస్తారంట. ఇంజినీరువి కదా, లెక్క చూసి చెప్పరా” అన్నాడు.

నేను రాసేది కోడు, దున్నేది పొలం కాదు. అయినా ఏ సిస్టమ్ గురించైనా ముందు అడగాల్సింది ఒకటే: ఇది ఏ సమస్య కోసం పుట్టింది?

గ్రీన్‌హౌస్ పుట్టింది చలి కోసం. ఎండ గాజులోంచో ప్లాస్టిక్‌లోంచో లోపలికెళ్లి మట్టినీ ఆకుల్నీ వేడెక్కిస్తుంది. ఆ వేడిగాలికి పైకి పోయే దారి ఉండదు. ఎండలో అద్దాలెత్తి ఉంచిన కారు తలుపు తీయగానే మొహాన కొట్టేది ఆ గాలే. నెదర్లాండ్స్ చలికాలంలో టమాటాకి ఆ వేడే ప్రాణం. మరి కోనసీమలో? చలికి చచ్చిపోయిన మొక్కని మా ఊళ్లో నేనైతే చూళ్లేదు.

ఫ్యాన్లు, తడి ప్యాడ్లు పెట్టి చల్లబరచొచ్చు కదా అంటారు. అది మన ఎయిర్ కూలర్ పద్ధతే. నీళ్లు ఆవిరైతేనే చల్లదనం. గాలి పొడిగా ఉన్నచోట కూలర్ బాగా పనిచేస్తుంది. పక్కనే వైనతేయ, కాస్త దిగువన సముద్రం ఉన్నచోట గాలి ముందే తడిగా ఉంటుంది, దానికింకా ఎంత నీరు పడుతుంది? పైగా మూసిన గుడారంలో తెల్లారుజామున ప్లాస్టిక్ లోపలివైపు నీటిబొట్లు పట్టి ఆకుల మీద రాలతాయి. బూజు తెగుళ్లకి అంతకన్నా ఏం కావాలి?

ఇక గాలివాన. 1996 నవంబరు 6 తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లే లక్షల్లో కూలిపోయాయి. ఇనప గొట్టాల మీద కట్టిన 200 మైక్రాన్ల ప్లాస్టిక్ ఏపాటి? వైనతేయ పొంగితే అప్పనపల్లి కాజ్‌వే మీదకి నీళ్లొస్తాయి, అదీ లెక్కలో పెట్టుకోవాలి. సబ్సిడీ వచ్చినా మిగతాది మన జేబులోదే.

అలాగని మొక్కకి రక్షణే వద్దని కాదు. మనకి కావలసింది నీడ, గాలి. కడియం నర్సరీల్లోకి వెళ్లి చూడండి, ఎక్కడ చూసినా షేడ్‌నెట్లే. 50 శాతం నెట్ అంటే సగం ఎండని ఆపేదని అర్థం. నారుమళ్లకి, కొత్త అంట్లకి అది సరిపోతుంది. కాయలు కాసే టమాటా, వంగ లాంటివాటికి పూర్తి ఎండ కావాలి, నీడ ఎక్కువైతే ఆకు పెరుగుతుంది గానీ కాపుండదు. పురుగుల్ని ఆపాలంటే 40 మెష్ వల ఉంది. అంగుళానికి 40 కన్నాలన్నమాట. కన్నం ఎంత చిన్నదైతే గాలి అంత తక్కువ ఆడుతుంది కాబట్టి కప్పు ఎత్తుగా కట్టాలి. డాబా మీద పెంచుకునేవాళ్లకీ ఇదే సూత్రం.

బాబాయికి అసలు చెప్పాల్సిన మాట వేరే ఉంది. ఆయనకి గ్రీన్‌హౌస్ ఆల్రెడీ ఉంది. సుమారు ఎనిమిది మీటర్ల ఎడంలో ఎదిగిన కొబ్బరిచెట్ల కింద వెలుగు చెదిరిపడుతుంది, ఎండ నేరుగా తగలదు. కోకోకి కావలసింది అలాంటి నీడే. అందుకే కోనసీమలో కొబ్బరికింద కోకో అంతలా నిలబడింది. కొబ్బరి మొదలుకి మిరియం పాకిస్తే ఇంకో అంతస్తు. ఈ కప్పుకి కరెంటు బిల్లు లేదు, ప్లాస్టిక్ మార్చే ఖర్చూ లేదు. ఒకసారి కొట్టేస్తే మాత్రం, మళ్లీ నాటిన దేశవాళీ కొబ్బరి కాపుకి రావడానికి ఐదారేళ్లు పైనే.

మరి తెల్లదోమ? సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో కనబడింది, తర్వాత మన తీరానికీ వచ్చింది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. అది విసర్జించే తీపి జిగురు కింది ఆకుల మీద పడి నల్లటి మసి పడుతుంది. చూడ్డానికి చెట్టు అయిపోయినట్టే ఉంటుంది గానీ, చాలావరకు తేరుకుంటుంది. కంగారుపడి ఘాటు మందులు కొడితే, ఈ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి దాన్ని చంపే ఎన్‌కార్సియా అనే బుల్లి కందిరీగ కూడా పోతుంది. ఆకు అడుగున నీటిని గట్టిగా కొట్టడం, పసుపు జిగురు అట్టలు కట్టడం, ఇసారియా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని పిచికారీ చేయడం మంచి దారులు. ఆ శిలీంధ్రం గురించి అడగడానికి దూరం పోనక్కర్లేదు, అంబాజీపేటలోనే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది.

ఇదంతా విని బాబాయి, “అయితే నువ్వు వద్దంటావ్” అన్నాడు. “చెట్లు కొట్టొద్దంటాను బాబాయ్. రెండు సెంట్లలో షేడ్‌నెట్ వేసి కోకో మొక్కలు పెంచు, బాగుంటే ఇంకో రెండు సెంట్లు” అన్నాను. ప్రస్తుతానికి గొడ్డలి ఆగింది. నెట్ కొలతలు పంపమన్నాడు.

మీ ఇంట్లో కూడా ఎవరైనా పాలీహౌస్ రీల్ చూపించి అడ్వాన్సు కట్టేద్దామంటే ఒక్క ప్రశ్న అడగండి: మన మొక్కని మనం కాపాడుకోవాల్సింది దేన్నుంచి? చలినుంచి అని ఎవరైనా జవాబిస్తే, ఆ అడ్వాన్సు జేబులోనే ఉంచుకోండి.