ఎగరను అని చెప్పే హక్కు మన పిల్లలకు కావాలి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల తల్లిదండ్రులకు, పైలట్ కావాలనుకుంటున్న యువతీ యువకులకు విజ్ఞప్తి

నిజాం కాలంలో, 1930లో కట్టిన మామునూరు ఎయిర్‌పోర్టు 1981 నుంచి మూలనపడి ఉంది. దాన్ని మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. అక్కడ శిక్షణకూ చోటిస్తే మన ఊళ్లలో ఎంపీసీ చదివే పిల్లలకు పైలట్ ట్రైనింగ్ ఇక దూరపు మాట కాదు. సంతోషం. అయితే పంపే ముందు మనం పట్టుబట్టి అడగాల్సింది ఒకటుంది.

2019 అక్టోబరు 6న వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ దగ్గర శిక్షణ విమానం కూలి ఇద్దరు ట్రైనీలు చనిపోయారు. 2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర మరో శిక్షణ విమానం కూలి మరో ట్రైనీ ప్రాణం పోయింది. వాటికి ఫలానా తప్పే కారణమని మేము అనడం లేదు. కానీ గాల్లో చిక్కు వస్తే పిల్లల చేతిలో ఉండేది కొన్ని క్షణాలే. ఆ చిక్కుల్లో కొన్నింటిని నేల మీదే పట్టుకోవచ్చు. విమానం ఎక్కే ముందు దాని చుట్టూ తిరిగి చేసే తనిఖీ అందుకే.

ఆ తనిఖీలో ఒక్క ఇంధనం సంగతే చూడండి. ట్యాంకు సగం ఖాళీగా ఉంచి రాత్రంతా వదిలేస్తే లోపలి గాలిలోని తేమ నీరుగా మారుతుంది. పెట్రోలు కంటే నీరు బరువు కాబట్టి అడుగున చేరుతుంది. పొద్దున్నే ట్రైనీ రెక్క కింద వంగి, డ్రెయిన్ నొక్కి, పారదర్శకమైన చిన్న గ్లాసులోకి కొంత ఇంధనం తీసి వెలుతురుకు ఎత్తి చూడాలి. చిన్న విమానాల పెట్రోలుకు లేత నీలం రంగు కలుపుతారు. అడుగున రంగులేని బొట్టు కనిపిస్తే అది నీరు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. గ్లాసంతా నీళ్లే వస్తే వేరుచేసే గీత ఏమీ ఉండదు. తొందరలో ఉన్న కుర్రాడు శుభ్రంగా ఉందనుకుంటాడు. రంగు చూడాలి, వాసన చూడాలి, నీరు పోయేదాకా మళ్లీ మళ్లీ తీయాలి. కొత్త సెస్నా 172 విమానాల్లో ఇలాంటి డ్రెయిన్లు 13 ఉంటాయి. పదమూడూ చూడటానికి ఓపిక కావాలి, టైం కావాలి.

అనుభవం ఉంటే ఇవన్నీ అక్కర్లేదనుకోవద్దు. 1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ మోడల్ 299 బాంబర్ లేస్తూనే కూలింది. గాలికి తోక భాగాలు కదలకుండా వేసిన లాక్ తీయడం మరిచారు. నడిపింది ఆరితేరిన టెస్ట్ పైలట్లే. చెక్‌లిస్ట్ చదివే పద్ధతి ఆ తర్వాతే స్థిరపడింది. 2014 మే 31న అమెరికాలోనే బెడ్‌ఫర్డ్‌లో ఒక జెట్ అదే తరహా లాక్ తీయకుండానే పరుగెత్తి ఏడుగురిని బలి తీసుకుంది. ఆ పైలట్లు అంతకుముందు చేసిన 175 టేకాఫ్‌లలో 98 శాతం సార్లు కంట్రోళ్లను పూర్తిగా కదిపి చూడలేదని దర్యాప్తులో తేలింది. ఏమీ కాకపోవడం వల్లే ఆ అలవాటు ముదిరింది.

మన పిల్లల మీద ఉండే ఒత్తిడి వేరు. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఇంట్లో పొలం అమ్మో, లోన్ తీసుకునో లక్షలు కట్టి ఉంటారు. వానలు, పొగమంచు, విమానాల కొరత మధ్య ఎదురుచూడగా చూడగా వరుస వస్తుంది. అప్పుడు ఇంజిన్ ఆయిల్ తక్కువగా కనిపించినా, టైరు మీద కోత కనిపించినా, ‘సార్, ఇవాళ నేను ఎగరను’ అనడానికి పంతొమ్మిదేళ్ల పిల్లకు ఎంత ధైర్యం కావాలి! ఆ భారం ఆమె ధైర్యం మీద వదిలేయడం అన్యాయం. అది రూల్‌గా ఉండాలి.

భూపాలపల్లి వాళ్లకు ఇది కొత్త కాదు. సింగరేణి గనిలో షిఫ్టు దిగకముందే మైనింగ్ సర్దార్ పైకప్పును తట్టి చూస్తాడు. డొల్ల శబ్దం వస్తే మనుషులను అక్కడికి పోనివ్వడు. ప్రమాదం ఉందనిపిస్తే పనివాళ్లను వెనక్కి రప్పించే బాధ్యతను చట్టమే ఆయనకు ఇచ్చింది. ఆ షిఫ్టు బొగ్గు తగ్గిందని ఆయన జీతం కోయరు. ఇదే భరోసా ట్రైనీకి ఎందుకు ఉండకూడదు?

కాబట్టి ఫీజు కట్టే ముందే ఈ మాటలు ఒప్పందంలో రాయించుకోండి. తనిఖీలో లోపం కనిపించి ట్రైనీ ఆగిపోతే డబ్బు కోయకూడదు, వరుస పోకూడదు, రికార్డులో చెడు మాట పడకూడదు. తనిఖీ చేస్తున్నప్పుడు ఎవరూ పిలవకూడదు, ఫోన్ దగ్గర ఉండకూడదు. మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. చెక్‌లిస్ట్ ఇంగ్లిష్‌లోనే ఉండనివ్వండి, విమానం పుస్తకాలూ రేడియో మాటలూ అందులోనే కదా. కానీ ఒక్కో అంశం ఎందుకు చూస్తున్నామో తెలుగు మీడియం పిల్లలకు మొదట తెలుగులో విడమరిచి చెప్పాలి. అర్థం కానిదాన్ని బట్టీపట్టి అప్పజెప్పే పిల్లలకు కళ్ల ముందున్న నీటి బొట్టు కనిపించదు.

ఈ నిబంధనలను ప్రతి ఫ్లయింగ్ స్కూలుకూ తప్పనిసరి చేయాలని విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏను కోరుతున్నాం. మామునూరులో శిక్షణకు ఎప్పుడు చోటిచ్చినా మొదటి షరతు ఇదే కావాలని, శిక్షణ విమానాల ప్రమాదాలపై వచ్చే దర్యాప్తు నివేదికలను తెలుగులో క్లుప్తంగా అచ్చువేయించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. మీ ఎమ్మెల్యేకు, ఎంపీకి ఈ కరపత్రం చేర్చండి. పిల్లలను చేర్పించడానికి వెళ్లినప్పుడు దీన్ని వెంట తీసుకెళ్లి, ఒక్కో మాటా చదివి వినిపించి, సంతకం అడగండి. సంతకం పెట్టని చోట ఫీజు కట్టకండి.