తాతల పటము, సీసా బేరము

మద్యమును గూర్చిన ప్రకటనలలో నేడు మద్యము ప్రధానముగా కానరాదు. పెంకుటింటి అరుగు, పడకకుర్చీ, లాంతరు, గ్రామఫోను, గోధుమవన్నె వెలుగులో నవ్వుచున్న నలుగురు యువకులు, ఇంతియే పటము. సీసా ఒక మూలన ఒదిగి యుండును. చిన్నబట్టీలలో బీరు కాచి యమ్మువారికి ఈ పాతకాలపు హంగు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. తెలంగాణమున 2015 నాటి నియమములతో ఇట్టి బీరుశాలలకు దారి యేర్పడినది. ఎచ్చటి పటమైనను సెల్‌ఫోను మూలమున వట్లూరు విద్యార్థి అరచేతికి వచ్చుటకు క్షణము పట్టదు.

బార్లీ గింజను మొలకెత్తించి, ఉడికించి, పులియబెట్టుటలో పనితనము లేదని మేమనము. ఛాయాగ్రాహకుని నేర్పును నిందింపము. మా ఆక్షేపణ వేరు. ఆ పటము అమ్మునది బీరును కాదు, మన తాతల కాలమును. ఆనాటి నెమ్మదిని, చెలిమిని, తీరికను అరువు తెచ్చి, ఆ అరువుపై సరుకునకు వెల కట్టుచున్నది.

ఆ కాల మెట్టిది? 1921 ఏప్రిలులో మహాత్ముడు ఏలూరు వచ్చెను. ఆ దినములలోనే ఆంధ్రదేశమున వాలంటీరులు కల్లుపాకల యెదుట నిలిచి, త్రాగవచ్చినవారికి దండము పెట్టి మరలించిరి. కొందరు చెరసాలల పాలైరి. 1937 అక్టోబరు 1న చెన్నరాష్ట్రమునందలి సేలము జిల్లాలో మద్యనిషేధము అమలునకు వచ్చెను. ఇటీవలి మాట వలయునన్న, 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై తిరుగబడిరి. 1993లో సారాయియు, 1995 జనవరిలో మద్యమంతయు నిషిద్ధమయ్యెను. 1997లో ఆ నిషేధము సడలెను. ఇట్టి చరిత్రగల యింటి అరుగుపై సీసా నిలిపి, మీ పూర్వమిదియే యని చూపుట అపచారము.

మరియు ఆ పటములో తాటిచెట్టుండవచ్చును గాని మోకు బిగించి చెట్టెక్కు గీతకార్మికుడుండడు. పండుగ యుండును గాని కూలిడబ్బు కొరకు వాకిట వేచియుండు ఇల్లాలుండదు. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెమున వరుస మరణములు సంభవించినపుడు నాటుసారాయి కారణమని బంధువులనిరి. సహజమరణములని నాటి ప్రభుత్వమనెను. త్రాగుడు వలన చితికిన యిండ్లు ఆ యొక్క యూరనే కాదు, ప్రతి యూరను గలవు. వానిని ఏ ప్రకటనయు చూపదు.

చట్టము లేకపోలేదు. మద్యనిషేధమునకై రాజ్యము యత్నింపవలెనని రాజ్యాంగము 47వ అధికరణమున చెప్పుచున్నది. కేబులు టెలివిజను నియమములు మద్యప్రకటనలను వారించుచున్నవి. సోడా పేరిటనో, నీళ్లసీసా పేరిటనో సాగు చాటు ప్రకటనలను 2022 జూనులో వెలువడిన కేంద్ర మార్గదర్శకములు నిషేధించినవి. అయినను 2003లో మొదలైన కింగ్‌ఫిషరు క్యాలెండరు తేదీల నెపమున బీరు పేరును ప్రచారము చేయలేదా? సరుకు ముందు లేదు గావున ఇది ప్రకటన కాదనుట వాదచమత్కారమే గాని న్యాయము కాదు.

కావున సొమ్ము పుచ్చుకొని సెల్‌ఫోనులలో వెలువరించు పటములకును టెలివిజను కట్టడియే వర్తింపవలెను. అంతవరకు పఠనాలయముల వారు ఒక పని చేయవచ్చును. తమ యూరి కల్లుపాకల యెదుట నిలిచినవారి అసలు పటములు పెట్టెలలో దొరకినచో గోడ కెక్కింతురు గాక! పాతకాలమును చూడగోరు యువకులు వానిని చూతురు గాక!