ట్రాక్టరు విడగొట్టే ముందు అట్టముక్క పరచండి

ఇంజనుకీ గేరుబాక్సుకీ నడుమ, బండి అడుగున ఆయిలు చుక్కలు కనపడితే చాలు, మన దగ్గర వినిపించే మాట ఒక్కటే: "సీలు పోయింది, బండి విడగొట్టాలి." రైతు తలూపేస్తాడు. సరిగ్గా ఉబాల వేళ ట్రాక్టరు షెడ్డులో రెండు ముక్కలై పడుంటుంది. దమ్ముకి కిరాయి బండి కోసం ఊరంతా తిరగాలి. తీరా సీలు మార్చి తెచ్చాక కొన్నాళ్లకే మళ్లీ అక్కడే మరక! ఏ ఆయిలు, ఎక్కణ్ణుంచి వస్తోందో తేలనిదే మీ ట్రాక్టరును ఎవరి చేతా విడగొట్టించకండి.

కారుకైతే గేరుబాక్సు కిందికి దింపితే సీలు చేతికందుతుంది. చాలా ట్రాక్టర్లకు విడిగా ఛాసిస్ ఉండదు. ఇంజను, క్లచ్ హౌసింగు, గేరుబాక్సు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. బండికి అవే వెన్నెముక. అందుకే చిన్న రబ్బరు సీలు కోసం కూడా బండి నడుం విరవాల్సి వస్తోంది.

పూడిమడక, అచ్యుతాపురం, రాంబిల్లి వైపు వరి రైతులు ముందుగా చూడాల్సింది క్లచ్ హౌసింగు అడుగున ఉండే చిన్న రంధ్రం. సీలు దాటి జారిన ఆయిలు క్లచ్ మీద పడకుండా బయటికి పోవడానికే ఆ దారి. దమ్ములో బురద నీరు లోపలికి పోకుండా దానికి ప్లగ్గు బిగించమనీ, పని అయ్యాక తీసేయమనీ చాలా ట్రాక్టర్ల పుస్తకాల్లో ఉంటుంది. బిగించడం అందరికీ గుర్తే, తీయడం దగ్గరే మరుపు. ప్లగ్గు ఉండిపోతే ఆయిలు లోపలే నిలిచి క్లచ్ ప్లేటు తడుస్తుంది. చెరకు లోడుతో ఎగువ ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది గానీ బండి ముందుకు పోదు. వెనక్కి జారితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇప్పుడు పరీక్ష. బండిని కడిగి ఆరబెట్టండి. పైన ట్యాపెట్ కవరు నుంచి కింద హౌసింగు దాకా గుడ్డతో తుడిచి, ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లండి. ఇంజను, గేరుబాక్సు రెండింటి డిప్‌స్టిక్ గీతలూ రాసి పెట్టుకోండి. అడుగున తెల్ల అట్టముక్క పరచి, ఇంజను పావుగంట నడిపి ఆపండి. చుక్క నల్లగా ఉంటే ఇంజను ఆయిలు. తేనె రంగులో చిక్కగా ఉంటే గేరుబాక్సుది. పాలలా తెల్లబారితే ఆయిల్లో నీళ్లు కలిశాయి. పలచగా ఉండి కిరోసిన్ లాంటి వాసన వస్తే డీజిలు, అంటే చూడాల్సింది పంపూ, పైపులూ.

నల్లటిదని తేలినా తొందర వద్దు. పౌడరు మీద తడి చార ఎక్కడ మొదలైందో చూడండి. ట్యాపెట్ కవరు గ్యాస్కెట్టు నుంచో, ఆయిలు ప్రెషరు స్విచ్చి నుంచో కారిన ఆయిలు వెనక్కి జారి సీలు పోయినట్టే కనపడుతుంది. అది పైనుంచే అయ్యే పని. ఇంజన్లో ఆయిలు గీతకు మించి పోశారేమో కూడా చూడండి.

తర్వాత బ్రీదరు గొట్టం. దుమ్ముతో మూసుకుపోతే లోపలి గాలి బయటికి పోక ఆయిల్ని సీలు మీదికి నెడుతుంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఆయిలు మూత తీస్తే పొగ బుసబుసా వస్తోందా? రింగులు అరిగాయన్న అనుమానం. అవి చూడకుండా కొత్త సీలు వేసినా నిలవదు.

ఇవన్నీ చూశాకే విడగొట్టండి. ముందు ఇరుసు ఊగే రకం కాబట్టి దానికీ పై బ్రాకెట్టుకీ మధ్య రెండు పక్కలా చెక్క మేకులు దిగ్గొట్టాలి. లేదంటే ఇంజను భాగం ఒరిగి కింద ఉన్నవాడి మీద పడుతుంది. ఒట్టి జాకీని నమ్మరాదు, దిమ్మలు పెట్టాలి. విప్పిన చోటే ఇంజను వెనక సీలు, గేరుబాక్సు ముందు సీలు రెండూ మార్చండి. రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు తిప్పి చూడండి. షాఫ్టు మీద గాడి పడితే అదే చోట కొత్త సీలు ఆగదు, స్లీవు వేయించాలి. సీలు పెదవి ఆయిలు వైపుకే ఉండాలి. నానిన క్లచ్ ప్లేటును పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం దండగ.

మెకానిక్కులను తిట్టి లాభం లేదు. విప్పితే కూలి ఇస్తాం, గంటసేపు చూసి "విప్పక్కర్లేదు" అన్నవాడి చేతిలో ఏం పెడుతున్నాం? చూసినందుకూ కూలి ఇవ్వండి. మార్చిన పాత సీలు అడిగి తీసుకోండి. ఖరీఫ్‌కు ముందు రైతు సేవా కేంద్రాల్లో విత్తనాలు, ఎరువుల మాటతో పాటు ఒక్కరోజు ఈ పరీక్ష చేసి చూపిస్తే ఇంకా మేలు. గేరుబాక్సు బిగించిన పడవ ఇంజన్లకూ ఇదే పద్ధతి కనుక వేటకెళ్లే వాళ్లనూ పిలవాలి.

ఈ ఏడు దమ్ము పూర్తయి చక్రాలు కడిగే రోజునే కిందికి వంగి ఆ ప్లగ్గు తీయండి. ఏమీ కారకపోతే సంతోషం. ఆయిలు కారిందా, ముందు అట్టముక్క, తర్వాతే పానా.