విటమినే కదా అన్న ధీమా

"విటమినే కదా డాక్టరుగారూ, నాలుగు ఎక్కువ వేసుకుంటే పోయేదేముంది?" వైద్యవృత్తిలో లెక్కకు మిక్కిలిగా విన్న ప్రశ్న ఇది. పోయేవి మూత్రపిండాలని చెబితే నమ్మేవారు తక్కువ.

మీ ఇంట విటమిన్ డి గుళికలుంటే ఒకసారి అట్ట తిప్పి చూడండి. చాలావాటిపై 60,000 యూనిట్లు అని ఉంటుంది. పెద్దవారికి రోజుకు 600 యూనిట్లు చాలునని భారత వైద్య పరిశోధన మండలి నిర్దేశం. అంటే ఆ చిన్న గుళికలో ఉన్నది నూరు రోజుల గ్రాసం! అందుకే లోపమున్నవారికి సాధారణంగా వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు ఇచ్చి, పిమ్మట మోతాదు తగ్గిస్తాము. బి, సి విటమిన్లు అధికమైతే చాలావరకు మూత్రంలో పోతాయి. డి అలా పోదు. కొవ్వులో చేరి నెలల తరబడి నిలిచి, మితిమీరినప్పుడు రక్తంలో కాల్షియాన్ని పెంచుతుంది.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి ఆయన కుమారుడు నా వద్దకు తీసుకువచ్చాడు. ఆకలి లేదు. వాంతులు, మలబద్ధకం, తీరని దాహం, మాటల్లో తికమక. వయసు మీద పడిందని ఇంట్లో సరిపెట్టుకున్నారు. వాంతులకు ఒక మాత్ర, మలబద్ధకానికి ఒక పొడి అప్పటికే తోడయ్యాయి. ఆయన క్రమశిక్షణ గల మనిషి. రెండు నెలలుగా ప్రతి రాత్రి పాలతో ఒక గుళిక తప్పకుండా మింగారు. వారానికొకటి అన్న సూచన చీటీలో ఉన్నది, రెండు ఆంగ్లాక్షరాల సంకేతంగా!

ఈ తప్పు ఆయనదని నేను అనను. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయాలని భారత వైద్య మండలి 2016లో నిబంధన చేసింది. పేరు తెలిస్తే చాలునా? ఎప్పుడు వేసుకోవాలో, ఎప్పుడు ఆపాలో రోగి చదవగల భాషలో రాయడానికి మా వైద్యులకు వచ్చిన కష్టమేమిటి? "ప్రతి ఆదివారం ఒకటి, ఎనిమిది ఆదివారాలు." ఐదంటే ఐదు మాటలు. చీటీ అడగకుండా అట్టలకు అట్టలు చేతిలో పెట్టే మందుల దుకాణాలకూ ఈ పాపంలో వాటా ఉన్నది.

ఇక మీ వంతు. నీరసం పది రోజుల్లో తగ్గలేదని మోతాదు పెంచకండి. ఈ విటమిన్ ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. నీరసానికి అసలు కారణం రక్తహీనతో, థైరాయిడో కూడా కావచ్చు. ఒళ్లునొప్పులకని ఎవరైనా ఆరు లక్షల యూనిట్ల సూది వేసి ఉంటే, గుళికలు రాసే వైద్యునికి ఆ సంగతి చెప్పండి. మీరు వాడే కాల్షియం మాత్రలనూ చూపించండి, వాటిలో చాలావాటిలో డి కలిసే ఉంటుంది.

గుళికలు మానిన తరువాత కూడా ఆ మాస్టారికి కాల్షియం దిగిరావడానికి రెండు నెలల పైన పట్టింది. మూత్రపిండాలు మాత్రం మునుపటిలా పనిచేయడం లేదు. మొన్న ఫోను చేసి, "ఇంకా ఏమైనా ఆపాలా డాక్టరుగారూ?" అని అడిగారు.