ఒక్క మోటారు... రెండు నడకలు

పొడి దుప్పటిని చిన్నపిల్లలైనా ఈడ్చుకుపోతారు. అదే నీళ్లలో నానితే పైకి తీయడానికి పెద్దవాళ్లకే చేతులు పడిపోతాయి. అలాంటి బరువును అటూ ఇటూ తిప్పి ఉతకాలంటే బలం కావాలి. గిర్రున తిప్పి నీళ్లు పిండాలంటే వేగం కావాలి. ఈ రెండు పనుల్నీ ఒక్క మోటారుతోనే చేయించేది వాషింగ్ మెషీన్ టబ్బు అడుగున ఉండే గేర్ బాక్సు.

విశాఖవాసులకు ఈ సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. సింహాచలం కొండ ఎక్కేటప్పుడు బండిని తక్కువ గేరులో వేస్తారు. ఇంజిన్ హోరెత్తినా బండి మెల్లగా, బలంగా ఎక్కుతుంది. బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు సాగిపోయేటప్పుడు టాప్ గేరు. మెషీన్‌కి ఉతకడమంటే కొండెక్కడం, పిండడమంటే బీచ్ రోడ్డు!

టాప్ లోడ్ ఆటోమేటిక్ మెషీన్లలో ఎక్కువగా కనిపించే గేర్ బాక్సులో మధ్యన ఓ చిన్న పళ్ల చక్రం, దాని చుట్టూ మరికొన్ని చక్రాలు, వాటన్నిటినీ చుట్టేస్తూ లోపలివైపు పళ్లున్న పెద్ద వలయం ఉంటాయి. సూర్యుడి చుట్టూ గ్రహాల్లా తిరుగుతాయి కాబట్టి మధ్యదాన్ని సన్ గేరు, చుట్టూ ఉన్నవాటిని ప్లానెట్ గేర్లు అంటారు. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం కోసం 1781లో పేటెంటు తీసుకున్న అమరికకూ ఇదే పేరు.

సన్ గేరుకు 16 పళ్లు, కదలకుండా ఉన్న వలయానికి 64 పళ్లు ఉన్నాయనుకుందాం. సన్ గేరు అయిదు చుట్లు తిరిగితే ప్లానెట్ గేర్ల జట్టు ఒక్క చుట్టే తిరుగుతుంది. బెల్టు ద్వారా నిమిషానికి 700 చుట్లు అందితే, టబ్బు అడుగున బట్టల్ని తిప్పే పల్సేటర్‌కు చేరేవి 140 చుట్లే. తగ్గిన వేగం బలంగా మారుతుంది... దాదాపు అయిదింతలు!

ఉతికేటప్పుడు బ్రేకు పట్టీ గేర్ బాక్సు డబ్బాను బిగించి పట్టుకుంటుంది. అందుకే టబ్బు కదలదు, పల్సేటర్ మాత్రమే తిరుగుతుంది. పిండే సమయానికి డ్రెయిన్ మోటారు ఓ మీటను లాగుతుంది. అప్పుడు బ్రేకు వదులై, క్లచ్ స్ప్రింగు ఇరుసును బిగించేస్తుంది. గేర్లు, డబ్బా, టబ్బు అన్నీ ఒకే ముద్దగా 700 చుట్ల వేగం అందుకుంటాయి. చాలా మెషీన్లలో నీళ్లు వదిలే వాల్వును తెరిచేదీ ఆ మోటారే.

ఈ చిన్న విషయం తెలిస్తే జేబుకు మేలు. గేర్ బాక్సు మార్చడమంటే ఖర్చు ఎక్కువే మరి. నీళ్లూ పోక, టబ్బూ తిరగకపోతే ముందు చూడాల్సింది డ్రెయిన్ మోటారును. ఉతికేటప్పుడు టబ్బు కూడా తిరుగుతుంటే బ్రేకునో క్లచ్‌నో అనుమానించాలి. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తున్నా బట్టలు సరిగ్గా పిండకపోతే బెల్టు వదులైందేమో చూడాలి. ఇవేవీ కాకపోతేనే గేర్ల దాకా వెళ్లాలి.

నిజానికి గేర్ల పళ్లు అరిగేకంటే ముందే దెబ్బతినేది వాటి పైనుండే రబ్బరు సీలు. ఇరుసు టబ్బులోకి వచ్చే చోట నీళ్లు కిందికి దిగకుండా ఆపేది అదే. అది అరిగితే సబ్బు నీళ్లు బేరింగులోకి దిగి గ్రీజును కడిగేస్తాయి. తుప్పు మొదలవుతుంది. విశాఖలో దానికి ఉప్పుగాలి కూడా తోడు. సముద్రానికి దగ్గర్లోని ఫ్లాట్లలో మెషీన్లను బాల్కనీలో పెడితే అడుగున ఉండే ఇనుప భాగాలకు ఆ గాలి నేరుగా తగులుతుంది. తిరిగేటప్పుడు రోజురోజుకీ పెరిగే ‘గర్ర్’ శబ్దం, అడుగున తుప్పు రంగు నీటి చారలు దానికి గుర్తులు. అప్పుడే సీలు, బేరింగు మారిస్తే గేర్ బాక్సు చాలావరకు దక్కుతుంది. నెలల తరబడి నెట్టుకొస్తే ఇరుసే అరిగిపోతుంది.

మెషీన్‌ను గోడ వారగా లోపలే ఉంచడం, నాలుగు కాళ్లూ సమంగా ఆనేలా చూడటం, టబ్బును కుక్కి నింపకపోవడం... ఇవి ఖర్చులేని జాగ్రత్తలు. మూత తీశాక బ్రేకు పడి టబ్బు పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టకూడదన్నది పిల్లలకు తప్పక చెప్పాల్సిన మాట. ఆగడానికి అంతకంతకూ ఎక్కువ సమయం పడుతోందంటే బ్రేకు పట్టీ అరిగిందేమో చూపించాలి. గేరు పోతే పోయేది డబ్బే, బ్రేకు పోతే పోయేది వేళ్లు!