వాళ్ళది ఏజింగ్, మనది కంపా?

మొన్న రూమ్‌లో అందరం డ్రై ఏజ్డ్ స్టేక్ వీడియో చూస్తూ నోరెళ్ళబెట్టాం. 0 నుంచి 4 డిగ్రీల చల్లటి గదిలో మాంసాన్ని 3, 4 వారాలు వేలాడదీస్తారు. కండలో ఉన్న ఎంజైములే ప్రోటీన్లను మెల్లగా తెంచుతాయి, అందుకే మెత్తబడుతుంది. గ్లుటమేట్ లాంటి అమైనో ఆమ్లాలు విడుదలై, పైన నీరు ఆరి, రుచి చిక్కబడుతుంది. గాలి తీసేసిన ప్లాస్టిక్ సంచిలో పెడితే అది వెట్ ఏజింగ్. మెత్తబడుతుంది గానీ నీరు బయటికి ఆరిపోదు, ఆ ఘాటు రాదు.

అదే రూమ్‌లో నేను ఊరి నుంచి తెచ్చిన ఎండు తునకల డబ్బా మూత తీస్తే ముక్కులు మూసుకున్నారు. అమ్మమ్మ ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండబెట్టినవి అవి. ఎండకి నీరు పోతుంది, మిగిలిన కాస్త నీటినీ ఉప్పు పట్టేసుకుంటుంది, ఇక బాక్టీరియా పెరగడం కష్టం. ఎంజైములకి అంత టైమ్ దొరకదు కాబట్టి తునక గట్టిగానే ఉంటుంది.

రెండూ ఒకటే అని నేననను. కానీ ఫ్రిజ్ లేని ఇంట్లో మాంసాన్ని నెలల తరబడి కాపాడటం కూడా కెమిస్ట్రీయే కదా! వాసన రెండింటికీ ఉంది. మెనూ కార్డులో పేరు మాత్రం ఒకదానికే ఉంది.

ఈసారి డబ్బా తెస్తే బాల్కనీలోకి వెళ్ళి తినను.