ముప్పై లైన్ల కోడ్, ఒక దొంగ లెక్క

2021 మే నెల. మా పెద్ద మామయ్య ఫ్యామిలీ గ్రూపులో ఒక బొమ్మ పెట్టాడు. మధ్యలో నిలువు గీత, దానికి ఎడమవైపు వరసగా చిన్న చిన్న అడ్డగీతలు, అడుగున ఒక డైమండ్. ఐవర్‌మెక్టిన్ కరోనాకి పనిచేస్తుందని బోలెడు స్టడీలు కలిపి తేల్చారట. సాయంత్రానికల్లా మందుల షాపు నుంచి నాలుగు షీట్లు ఇంటికొచ్చాయి. "ఒక డాక్టర్ చెప్తే నమ్మకపోవచ్చురా, ఇంతమంది కలిసి చెప్తే నమ్మాలిగా?" అన్నాడు మామయ్య. ఇంటర్ చదివే నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఆయన వాదనలో పెద్ద తప్పు కూడా లేదు.

ఆ బొమ్మని ఫారెస్ట్ ప్లాట్ అంటారని, ఆ పద్ధతి పేరు మెటా ఎనాలిసిస్ అని మూడో ఏడు మినీ ప్రాజెక్టులో తెలిసింది. ఒకే ప్రశ్న మీద వేర్వేరు చోట్ల జరిగిన ట్రయల్స్ ఫలితాల్ని కలిపి ఒకే అంచనాకి రావడం. ఉత్త సగటు కాదు. రెండు సెన్సర్లుంటే నాయిస్ తక్కువున్న దానికి ఎక్కువ వెయిట్ ఇస్తాం చూడండి, అలాగే ఇక్కడా అనిశ్చితి తక్కువున్న స్టడీ మాటకి బరువెక్కువ.

ఈ పద్ధతి విలువ తెలియాలంటే కాక్రేన్ అనే సంస్థ లోగో చూడాలి. అదీ ఒక ఫారెస్ట్ ప్లాటే. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉన్న తల్లికి ముందుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా గట్టిపడతాయి. న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే డాక్టర్లు 1972లోనే ఈ ట్రయల్ ఫలితాలు ప్రచురించారు. తర్వాత వేరేవాళ్లూ చేశారు. కానీ చాలా ట్రయల్స్ చిన్నవి, విడివిడిగా చూస్తే గీతలు ఆ నిలువు గీతని తాకుతూనే ఉంటాయి, అంటే ఏదీ గట్టిగా చెప్పలేని పరిస్థితి. అన్నీ కలిపి చూస్తే మాత్రం లాభం స్పష్టం. ఆ కలపడమనే పని 1989 దాకా సరిగ్గా జరగలేదు. ఈలోపు చౌకైన ఆ ఇంజెక్షన్ అందక ఎంతోమంది పసివాళ్లు పోయారు. కాబట్టి మెటా ఎనాలిసిస్ అంటే ఉత్త అంకెల గారడీ అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను.

నా గొడవ వేరే. కలపడం తేలిక. పైథాన్‌లో ముప్పై లైన్లు. కష్టమంతా ఆ అడ్డగీత వెనక మనుషులు నిజంగా ఉన్నారా అని చూడటంలో ఉంది.

మామయ్య పంపిన బొమ్మ ఎవరిదో ఇప్పుడు తెలీదు గానీ, ఆ రోజుల్లో తిరిగిన ఐవర్‌మెక్టిన్ మెటా ఎనాలిసిస్‌లలో ఈజిప్టు నుంచి వచ్చిన ఒక స్టడీకి పెద్దపీట ఉండేది. మరణాలు 90 శాతానికి పైగా తగ్గాయని అందులో రాశారు. లండన్‌లో చదువుకుంటున్న జాక్ లారెన్స్ అనే వైద్య విద్యార్థి దాన్ని చదువుతుంటే, ముందుమాట ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చినట్టు అనిపించింది. దాంతో డేటా ఫైల్ తెరిచాడు. పాస్‌వర్డ్ ఏంటో తెలుసా? 1234. (మన హాస్టల్ వైఫైకే ఇంతకంటే మంచిది పెడతాం.) లోపల చూస్తే స్టడీ మొదలైందని చెప్పిన తేదీకి ముందే చనిపోయిన పేషెంట్లున్నారు. 2021 జులైలో ఆ పేపర్‌ని వెనక్కి తీసుకున్నారు. దాన్ని వాడిన ఒక మెటా ఎనాలిసిస్ రాసినవాళ్లు అనుమానమున్న స్టడీల్ని పక్కనపెట్టి మళ్లీ లెక్కేస్తే, ప్రాణాలు కాపాడుతుందన్న ఫలితం నిలబడలేదు. మన ఐసీఎంఆర్ కూడా ఆ సెప్టెంబర్‌లో కరోనా చికిత్స సూచనల్లోంచి ఈ మందుని తీసేసింది.

కుండెడు పాలకి ఒక్క విషపు చుక్క చాలు. పైగా ఇక్కడ ఫలితం ఎంత అద్భుతంగా ఉంటే ఆ చుక్క డైమండ్‌ని అంత లాగుతుంది.

లారెన్స్, ఇంకొందరు కలిసి ఆ తర్వాత రాసిందేంటంటే, పేపర్లలో అచ్చేసిన సారాంశపు అంకెల్ని మాత్రమే నమ్మి మెటా ఎనాలిసిస్ చేయకూడదు, ఒక్కో పేషెంట్ డేటా అడగాలి, ఇవ్వకపోతే కలపకూడదు. ఇది మరీ కఠినం, చాలా పాత ట్రయల్స్ బయటికి పోతాయి అంటారు కొందరు. పోతాయి, నిజమే. స్టెరాయిడ్ లాంటి కథలో ఆ నష్టం చిన్నది కాదని నాకూ తెలుసు. అయినా కొత్త మందుల విషయంలోనైనా ఆ రూలు ఉండాలనే నా అభిప్రాయం. పేషెంట్ల ప్రైవసీ అంటారా, పేర్లు తీసేసి ఇవ్వొచ్చుగా.

ఇంత చెప్తున్న నేను మినీ ప్రాజెక్టులో ఏం చేశానంటే, పదకొండు పేపర్లకి తొమ్మిదింటిలో అబ్‌స్ట్రాక్ట్ దాటలేదు. ప్లాట్ అందంగా వచ్చింది, రివ్యూలో చప్పట్లు కూడా పడ్డాయి. అంకెలు ఎక్కడివని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. మొన్న సెలవుల్లో కూర్చుని ఆ తొమ్మిదీ పూర్తిగా చదివా. ఒక పేపర్లో టేబుల్‌లో ఉన్న మనుషుల లెక్కకీ అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్న లెక్కకీ పొంతన లేదు. రచయితకి మెయిల్ పెట్టి మూడు వారాలైంది, ఇంకా జవాబు రాలేదు.